చలికాలంలో గ్యారేజీ తలుపు యంత్రం

గ్యారేజీ తలుపు యంత్రం అనగా ఇంటికి ఆనుకొని ఉండే కారు షెడ్డు తలుపును విద్యుత్ మోటారు సాయంతో పైకి ఎత్తి, తిరిగి కిందకు దించే సాధనం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను ఇది సర్వసాధారణమైన గృహోపకరణం. గడ్డకట్టే చలిలో ఈ యంత్రం మొరాయించడం అక్కడ ఏటా ఎదురయ్యే సమస్య. ఉత్తరాది రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకులు ఇంట్లోకి రాకపోకలకు ముందు వాకిలి కన్నా ఈ తలుపునే ఎక్కువగా వాడుతారు. అందువలన ఇది పనిచేయని రోజున కారు బయటకు తీయలేకపోవడమే కాక, కొన్నిసార్లు ఇంటి యజమానే బయట మంచులో నిలబడవలసి వస్తుంది. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 31 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అటువంటి చలిలో పావుగంట బయట నిలబడడం కూడా ప్రమాదమే.

చరిత్ర

పైకెత్తే తలుపును సి.జి.జాన్సన్ 1921లో రూపొందించాడు. అంతకు ముందు గ్యారేజీలకు గాదె తలుపుల వలె పక్కలకు తెరుచుకునే బరువైన రెక్కలు ఉండేవి. వాకిట్లో మంచు పేరుకుంటే దానిని పారతో ఎత్తిపోసే వరకు అవి తెరుచుకునేవి కావు. కాబట్టి తలుపు పైకి లేవడమన్నది చలిదేశాలకు మొదటినుండీ సౌకర్యమే. జాన్సన్ 1926లో విద్యుత్‌తో నడిచే యంత్రాన్ని కూడా తయారు చేశాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత నగర శివార్లలో కొత్త ఇళ్ళు పెద్ద ఎత్తున వెలిసిన కాలంలో ఇవి ఇంటింటికీ చేరాయి.

తొలినాటి రిమోట్లు ఒకే రకమైన రేడియో సంకేతాన్ని పంపేవి. ఒకరు మీట నొక్కితే పొరుగువారి తలుపు కూడా తెరుచుకునేది. తరువాత చిన్న స్విచ్చుల వరుసతో ఎవరి సంకేతం వారు అమర్చుకునే పద్ధతి వచ్చింది. 1990వ దశకంలో, నొక్కిన ప్రతిసారీ మారిపోయే సంకేతాలు వాడుకలోకి వచ్చాయి.

నిర్మాణం

మన ఊళ్ళలో దుకాణాలకు ఉండే షట్టరు పైన ఒక గొట్టానికి చుట్టుకుంటుంది. గ్యారేజీ తలుపు అలా కాదు. నాలుగైదు అడ్డపలకలను మడతబందులతో కలిపి దీనిని తయారు చేస్తారు. పలకల అంచులకు ఉన్న చిన్న చక్రాలు ఇరువైపులా ఉక్కు పట్టాలలో దొర్లుతూ తలుపును పైకి తీసుకుపోయి గ్యారేజీ కప్పు కింద పడుకోబెడతాయి. రెండు కార్లు పట్టే తలుపు సాధారణంగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది. బరువు సాధారణంగా 70 కిలోల ప్రాంతంలో లేదా అంతకు ఎక్కువ ఉంటుంది. చెక్క తలుపులైతే ఇంకా ఎక్కువ.

ఇంత బరువును మోటారే ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎత్తేది స్ప్రింగు. తలుపు పైన అడ్డంగా ఉన్న ఇరుసుకు ఒకటో రెండో టార్షన్ స్ప్రింగులు, అనగా మెలిపెట్టి బిగించిన స్ప్రింగులు, తొడిగి ఉంటాయి. తలుపు దిగేటప్పుడు ఇవి మరింత మెలి తిరిగి శక్తిని దాచుకుంటాయి. లేచేటప్పుడు ఆ శక్తిని ఇరుసు చివరలనున్న కప్పీల ద్వారా, ఉక్కు తీగల ద్వారా తలుపుకు తిరిగి ఇస్తాయి. స్ప్రింగు సరిగా ఉన్నప్పుడు ఆ తలుపును పన్నెండేళ్ళ పిల్లవాడు కూడా చేత్తో ఎత్తగలడు. అర అశ్వశక్తి మోటారు చేసేది తూకంలో ఉన్న తలుపును అటూ ఇటూ కదపడమే. ఈ ఒక్క విషయం తెలిస్తే చలికాలపు సమస్యలలో సగం అర్థమవుతాయి.

మోటారు కప్పుకు వేలాడుతూ ఉంటుంది. దాని నుండి తలుపు వరకు ఒక పొడవైన కమ్మీ, కమ్మీ వెంట కదిలే ఒక బండి, బండిని తలుపు పైపలకకు కలిపే ఒక చేయి ఉంటాయి. బండిని లాగడానికి గొలుసు గాని, బెల్టు గాని, పొడవాటి మరకడ్డీ గాని వాడుతారు. వీటిలో చలికి ఎక్కువగా ఇబ్బంది పడేది మరకడ్డీ రకం. కడ్డీ పొడవునా పూసిన గ్రీజు బిగుసుకుపోవడమే దానికి కారణం.

చలి ఏమి చేస్తుంది

చలికి లోహం కుంచించుకుపోయి తలుపు పట్టేస్తుందని తరచుగా చెబుతారు. లెక్క వేస్తే ఇందులో పెద్ద బలం కనిపించదు. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు కుంచిస్తుంది. 16 అడుగుల తలుపు 40 డిగ్రీల తేడాకు కుంచించేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. పట్టాలు సరిగా బిగించిన తలుపుకు అది అడ్డంకి కాదు. అసలు దోషి గ్రీజు. చక్రాలలోను, మడతబందులలోను ఏళ్ళ తరబడి దుమ్ము కలిసి నల్లబడిన గ్రీజు చలికి మైనంలా గట్టిపడుతుంది. చక్రాలు దొర్లడం మాని ఈడ్చుకుపోతాయి. మోటారుకు కావలసిన బలం పెరుగుతుంది. తలుపుకు ఏదో అడ్డుపడిందని భావించి యంత్రం మధ్యలో ఆగిపోతుంది, లేదా దిగుతున్న తలుపును తిరిగి పైకి పంపుతుంది.

పాత యంత్రాలలో మోటారును తొలి ఊపుకు సిద్ధం చేసే కెపాసిటరు కూడా చలికి బలహీనపడుతుంది. మీట నొక్కితే గుయ్‌మనే శబ్దం వచ్చి మోటారు తిరగకపోతే ముందుగా అనుమానించవలసింది దీనినే. మోటారు హాయిగా తిరిగే చప్పుడు వినిపిస్తూ తలుపు మాత్రం కదలకపోతే, లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రం అరిగిపోయి ఉండవచ్చు, లేదా బండి తలుపు నుండి విడిపోయి ఉండవచ్చు.

పదేపదే మీట నొక్కడం వలన ప్రయోజనం లేదు. వేడెక్కిన మోటారును దానిలోని రక్షణ స్విచ్చు ఆపివేస్తుంది. అప్పుడు యంత్రం పూర్తిగా చచ్చిపోయినట్లు కనిపిస్తుంది. అరగంట వదిలేస్తే చాలావరకు అదే కోలుకుంటుంది.

నేలకు అతుక్కుపోయిన తలుపు

చలికాలంలో అతి తరచుగా జరిగేది ఇదే. కారు చక్రాల చుట్టూ పట్టుకొని వచ్చిన మంచు గ్యారేజీలో కరిగి, నీరై, వాలు వెంట గుమ్మం వద్దకు చేరుతుంది. తలుపు అడుగున గాలి చొరబడకుండా ఉండే రబ్బరు అంచు ఆ నీటిలో ఆనుతుంది. తెల్లవారేసరికి రబ్బరు, మంచుగడ్డ, కాంక్రీటు ఒకటవుతాయి. ఆఫీసుకు వేళవుతున్నదని మోటారుతో బలవంతంగా లాగిస్తే రబ్బరు చిరగడం స్వల్ప నష్టం. పైపలక వంగడం, చేయి ఊడడం, పళ్ళచక్రం అరగడం పెద్ద నష్టాలు.

ఇటువంటప్పుడు ముందుగా కమ్మీ నుండి వేలాడే ఎర్రతాడును లాగి తలుపును మోటారు నుండి విడదీయాలి. తరువాత లోపలి వైపు నుండి రబ్బరు అంచు వెంట చెక్క గరిటె వంటి మొద్దుబారిన సాధనంతో మెల్లగా గడ్డను విడగొట్టాలి. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి పట్టించడం నిదానమైన పద్ధతే గాని మంచిది. విద్యుత్ తీగ నీటిలో పడకుండా చూసుకోవాలి. మరిగే నీళ్ళు పోయడం తొందరలో అందరికీ తోచే ఉపాయం. ఆ నీరు కాసేపటికి అక్కడే మరింత మందంగా గడ్డకడుతుంది. ఉప్పు వాడేవారు గమనించవలసింది, వంటలో వాడే ఉప్పు సున్నాకు దిగువ పది డిగ్రీల ప్రాంతం నుండి దాదాపు పనిచేయదు. అంతకు మించిన చలిలో కాల్షియం క్లోరైడు మేలు. రెండూ కాంక్రీటును, ఉక్కును తినేవే కాబట్టి పని అయిన తరువాత ఊడ్చివేయాలి. రాత్రి పడుకునే ముందు గుమ్మం వద్ద నీటిని చీపురుతో నెట్టివేసి, రబ్బరుకు అప్పుడప్పుడు సిలికాన్ పూస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

స్ప్రింగు విరిగినప్పుడు

సాధారణ స్ప్రింగును సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారు చేస్తారు. రోజుకు నాలుగు సార్లు వాడే ఇంట్లో ఇది ఏడేళ్ళకు దగ్గరగా వస్తుంది. అప్పటికే అలసిన ఉక్కు చలికి పెళుసుబారి, ఒక శీతల ఉదయాన తుపాకి పేలినంత చప్పుడుతో విరుగుతుంది. ఇంట్లోవారు దొంగలు పడ్డారని భయపడిన సందర్భాలున్నాయి. ఇరుసు మీద స్ప్రింగు చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనిపిస్తే విరిగినట్లే.

ఆ క్షణం నుండి తలుపు పూర్తి బరువుతో ఉంటుంది. మోటారును నడపరాదు. తలుపు ఎత్తి ఉన్న స్థితిలో స్ప్రింగు విరిగితే ఎర్రతాడును లాగరాదు. లాగితే ఆ బరువంతా ఒక్కసారిగా కిందపడి, దాని దారిలో ఉన్న మనిషిని చంపగలదు. కొత్త స్ప్రింగు బిగించడం ఇంటి యజమాని చేయదగిన పని కాదు. మెలిపెట్టే ఇనుపకడ్డీ చేజారితే ఎముకలు విరుగుతాయి. సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకోవడం అమెరికాలో ఒక అలవాటు, మనవారూ త్వరగానే నేర్చుకుంటారు. కాని ఈ ఒక్క పనికి అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలవడమే తెలివి.

స్ప్రింగు ఆరోగ్యాన్ని పరీక్షించే పద్ధతి సులువైనది. తలుపు మూసి ఉన్నప్పుడు ఎర్రతాడు లాగి, చేత్తో సగం వరకు ఎత్తి వదలాలి. అక్కడే నిలిస్తే తూకం సరిగా ఉన్నట్లు. జారిపోతే స్ప్రింగు బలహీనపడినట్లు. ఈ పరీక్షకు తగిన కాలం చలి ముదరక ముందు, అక్టోబరు నెల.

బలం పెంచడంలోని ప్రమాదం

తలుపు మధ్యలో ఆగిపోతున్నప్పుడు కొందరు మోటారు వెనుక ఉండే మరలను తిప్పి దాని బలాన్ని పెంచుతారు. తలుపు దిగుతుంది, సమస్య తీరినట్లు కనిపిస్తుంది. వసంతంలో గ్రీజు మెత్తబడిన తరువాత కూడా ఆ పెంచిన బలం అలాగే ఉంటుంది. అప్పుడు కింద పిల్లవాడున్నా తలుపు ఆగదు. 1980వ దశకంలో తలుపుల కింద చిక్కి పిల్లలు మరణించిన ఘటనల తరువాత అమెరికా కాంగ్రెసు 1990లో చట్టం చేసింది. దాని ప్రకారం 1993 జనవరి 1 నుండి తయారైన ప్రతి గృహ యంత్రానికీ అడ్డును పసిగట్టే అదనపు రక్షణ తప్పనిసరి అయింది. గుమ్మానికి ఇరువైపులా నేల నుండి ఆరంగుళాలకు మించని ఎత్తులో కనిపించే కాంతికన్నులు ఇందుకోసమే.

బలాన్ని ఎప్పుడు మార్చినా, గుమ్మంలో ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను పడుకోబెట్టి తలుపు దించి చూడాలి. చెక్క తగిలిన రెండు సెకన్లలో తలుపు వెనుదిరగాలి. వెనుదిరగకపోతే ఆ యంత్రాన్ని బాగుచేయించే వరకు వాడరాదు. నిజానికి పెంచవలసింది బలం కాదు, మార్చవలసింది గ్రీజు.

కన్నులు, రిమోటు

బయటి చలిలో నుండి వచ్చిన కారు ఆవిరి కాంతికన్నులపై పొగమంచులా పేరుకుంటే తలుపు దిగడానికి నిరాకరిస్తుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చలికాలపు సూర్యుడు ఆకాశంలో తక్కువ ఎత్తులో ఉంటాడు కనుక ఉదయ సాయంకాలాలలో కిరణాలు నేరుగా గ్రహించే కన్నులో పడి అదే ఫలితాన్నిస్తాయి. రోజూ ఒకే వేళకు తలుపు మొరాయిస్తుంటే కారణం ఇదే కావచ్చు. రెండు కన్నులను అటుదిటు మార్చి, గ్రహించే కన్నును నీడవైపు ఉంచాలి. వెచ్చదనం కోసం చేరిన ఎలుకలు తీగలు కొరకడం కూడా ఉన్నదే.

గోడమీట పనిచేసి రిమోటు పనిచేయకపోతే దోషం చాలావరకు రిమోటుదే. రాత్రంతా బయట నిలిపిన కారులో ఉన్న బిళ్ళ బ్యాటరీ చలికి వోల్టేజీ తగ్గి సంకేతం పంపలేదు. కాసేపు అరచేతిలోనో జేబులోనో ఉంచితే పనిచేయవచ్చు. గోడమీట మీద ఉండే తాళం గుర్తు పొరపాటున నొక్కబడిందేమో కూడా చూడాలి. మెకానిక్కు వచ్చి ఆ ఒక్క మీట నొక్కి రుసుము తీసుకుపోవడం అరుదు కాదు. యంత్రానికి బిగించిన కొన్ని ఎల్‌ఈడీ బల్బులు కూడా రేడియో సంకేతానికి ఆటంకం కలిగిస్తాయి.

విషవాయువు

తలుపు తెరుచుకోని ఉదయాలలో అన్నిటికన్నా ప్రాణాంతకమైనది యంత్రం కాదు, కారు. వెచ్చబడుతుందని ఇంజను ముందుగా నడిపి, తరువాత తలుపుతో కుస్తీ పట్టేవారున్నారు. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడు నిమిషాలలో ప్రమాదకర స్థాయికి చేరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. గోడ సందుల గుండా ఇంట్లోకి కూడా వ్యాపిస్తుంది. తలుపు పూర్తిగా తెరుచుకున్న తరువాతే ఇంజను నడపాలి, వెంటనే కారును బయటకు తీయాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రాన్ని మంచుతుఫాను ముంచినప్పుడు 40 లక్షలకు పైగా ఇళ్ళకు, సంస్థలకు విద్యుత్ నిలిచిపోయింది. చలికి తాళలేక గ్యారేజీలో కారు నడుపుకొని కూర్చొని మరణించినవారు అప్పుడు ఉన్నారు. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాలలో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. అటువంటి చలికి అక్కడి ఇళ్ళు గాని, మనుషులు గాని అలవాటుపడినవి కావు.

విద్యుత్ లేనప్పుడు

తలుపు మూసి ఉన్న స్థితిలో ఎర్రతాడు లాగి, నడుము వంచక మోకాళ్ళు వంచి రెండు చేతులతో సమంగా ఎత్తాలి. కారు తీసిన తరువాత తలుపు దించి లోపలి గడియ వేయాలి, ఎందుకంటే మోటారు నుండి విడిపోయిన తలుపును బయటివారు కూడా ఎత్తగలరు. విద్యుత్ తిరిగి వచ్చాక గడియ తీయడం మరచి మీట నొక్కితే పలక వంగిపోతుంది. భారతదేశం నుండి పిల్లల వద్దకు వచ్చిన తల్లిదండ్రులు పగలంతా ఒంటరిగా ఉండే ఇళ్ళలో ఈ ఎర్రతాడు సంగతి వారికి ముందుగా చూపించి ఉంచడం అవసరం. వేరే ద్వారం లేని విడి గ్యారేజీలకు తలుపు పైభాగాన తాళంచెవితో బయటనుండే ఈ తాడును లాగే ఏర్పాటు దొరుకుతుంది.

2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు విద్యుత్ పోయి, తలుపు ఎత్తలేక కొందరు వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఆ రాష్ట్రం 2019 జూలై 1 నుండి అమ్మే గృహ యంత్రాలన్నిటికీ బ్యాటరీ ఉండాలని నిర్దేశించింది. ఇవి ఇతర రాష్ట్రాలలోనూ దొరుకుతాయి. చలిప్రాంతాలలో వీటిని కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: యంత్రంలో ఉండే బ్యాటరీ కూడా వెచ్చదనం లేని గ్యారేజీలోనే ఉంటుంది, గడ్డకట్టే చలిలో దాని సామర్థ్యం బాగా తగ్గుతుంది. కొన్నేళ్ళకు ఒకసారి దానిని మార్చవలసి ఉంటుంది. మోటారు తీగను ప్లగ్గు నుండి పీకి మీట నొక్కి చూస్తే అది పనిచేస్తున్నదో లేదో తెలుస్తుంది.

కందెన

చలికి తగినవి తెల్లని లిథియం గ్రీజు, సిలికాన్ స్ప్రే. తుప్పు వదిలించే పలుచని నూనెలు పాత గ్రీజును కడగడానికే గాని కందెనగా నిలవవు. మడతబందులకు, చక్రాల బేరింగులకు, స్ప్రింగు చుట్లకు కొద్దిగా పూస్తే చాలు. పట్టాల లోపల పూయకూడదు, గుడ్డతో తుడవాలి. అక్కడ పూసిన గ్రీజు దుమ్మును పట్టి మరుసటి చలికాలానికి మళ్ళీ మైనమవుతుంది. మరకడ్డీ రకానికి తయారీదారు సూచించిన చలిగ్రీజునే వాడాలి.