క్షేత్రం

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం తెలుగులో చదివినవాళ్లకు క్షేత్రం అనగానే కాగితం మీద ఇనుప రజను గుర్తొస్తుంది. కింద అయస్కాంతం పెట్టి కాగితాన్ని వేలితో తడితే రజను వంపులు తిరిగి సర్దుకునేది. ‘ఫీల్డ్’ను మనవాళ్లు పొలం అనలేదు, బతికించారు. ‘విద్యుత్ పొలం’ అని రాయాల్సొస్తే పరీక్షహాల్లో నవ్వాగేదా?

నిజానికి క్షేత్రమూ పొలమే. ‘క్షి’ ధాతువుకు నివసించడమని అర్థం. మనిషి దున్నుకున్న చోటు, శ్రీశైలంలా దేవుడు వెలసిన చోటు, కౌరవ పాండవులు కొట్టుకున్న చోటు అన్నీ క్షేత్రాలే. పాత ధర్మశాస్త్రాల్లో భార్యా క్షేత్రమే. భర్త తరఫున మరొకరి వల్ల పుట్టిన ధృతరాష్ట్రుడు, పాండురాజు క్షేత్రజులు. ఆ వాడుక పోవడమే నయమైంది.

వీటన్నిటికీ ఎక్కడో ఒక గట్టుంటుంది. అయస్కాంత క్షేత్రానికి అదే లేదు. దూరమయ్యేకొద్దీ పలచబడుతుందంతే.

సర్రే విశ్వవిద్యాలయంలోని జాన్‌జో మెక్‌ఫాడెన్ ఎరుక గురించి చేసిన వాదానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. పువ్వు రంగును మెదడులో ఒకచోటి కణాలు, ఆకారాన్ని మరోచోటివి పట్టుకుంటే మనకు ఒకే పువ్వు ఎలా కనిపిస్తోంది? నాడీకణాలు విడివిడి కమతాలు. అవి పుట్టించే విద్యుదయస్కాంత క్షేత్రం మాత్రం ఒక్కటే, ఎరుక అంటే అదేనని 2002లో ప్రతిపాదించాడు. హన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద నమోదు చేసిన అలలు ఆ క్షేత్రం జాడలే. చాలామంది వాటిని ఇంజన్ చప్పుడు కిందే జమకట్టారు. చప్పుడు బండిని నడపదుగా! అయితే 2011లో ఎలుక మెదడు ముక్కల మీద చేసిన ప్రయోగంలో బలహీనమైన క్షేత్రం కూడా కణాలు స్పందించే వేళను మార్చింది. చప్పుడు ఎంతో కొంత నడుపుతోందన్నమాట. కానీ 1950లలోనే మెదడు పరిశోధకుల్లో లాష్లీ కోతుల మెదడు మీద బంగారు రేకులు పరిచాడు, స్పెర్రీ పిల్లుల మెదడులో అభ్రకం పలకలు దూర్చాడు. క్షేత్రం చెదరాలి, జంతువులు మాత్రం బొమ్మలను దాదాపు ఎప్పటిలాగే గుర్తుపట్టాయి. నాకింకా నమ్మకం కుదరలేదు.

గీత పదమూడో అధ్యాయం శరీరాన్ని క్షేత్రమనీ, దాన్ని తెలిసినవాణ్ణి క్షేత్రజ్ఞుడనీ అంటుంది. మనవాళ్లకు విద్యుదయస్కాంతం ముందే తెలుసనడానికి ఇది సాక్ష్యం కాదు, మాట కలిసిందంతే. నేను తడబడింది మరోచోట. మెక్‌ఫాడెన్ క్షేత్రమే క్షేత్రజ్ఞుడంటున్నాడు, గీతకు పూర్తిగా ఎదురు అనుకున్నాను. క్షేత్రంలో ఏమేముంటాయో గీత ఇచ్చిన జాబితా మళ్లీ చూస్తే ఇచ్ఛ, ద్వేషం, సుఖం, దుఃఖంతోపాటు చేతన కూడా క్షేత్రంలోనే ఉంది. దాన్నీ పొలంలోనే వదిలేసి, గట్టు మీద ఇంకొకణ్ణి నిలబెట్టింది గీత.