ఆన్‌లైన్ ఆటల వస్తువుల క్రయవిక్రయాలు

ఆన్‌లైన్ ఆటల వస్తువుల క్రయవిక్రయాలు అనగా అంతర్జాలంలో అనేకమంది కలసి ఆడే ఆటలలో లభించే ఆయుధాలు, దుస్తులు, నాణేలు మొదలైన వాటిని ఆటగాళ్ళు తమలో తాము వెలకట్టి మార్చుకోవడం. ఈ వస్తువులకు భౌతిక రూపం లేదు. ఆట నిర్వహించే సంస్థ సర్వరులో నమోదై ఉంటాయి, అంతే. అయితే వాటిని సంపాదించడానికి పట్టే కాలం, శ్రమ నిజమైనవి కనుక నిజమైన ధరే పలుకుతాయి.

చరిత్ర

అల్టిమా ఆన్‌లైన్ (1997), ఎవర్‌క్వెస్ట్ (1999) ఆటల కాలంలోనే ఈబే వేలంలో ఇటువంటి వస్తువుల అమ్మకాలు సాగాయి. 2001లో అమెరికా ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా ఆ ధరల ఆధారంగా ఎవర్‌క్వెస్ట్‌లోని నోరాత్ అనే ఊహాలోకపు నాణెం విలువ సుమారు 1 అమెరికా సెంటు అనీ, అక్కడి తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లనీ లెక్కగట్టాడు. లేని దేశపు తలసరి ఉత్పత్తి భారత్, చైనాల కంటే ఎక్కువని తేలడం విశేషం. 2007లో ఈబే ఈ అమ్మకాలను నిషేధించింది. డయాబ్లో 3 ఆటలో 2012లో తయారీదారులే అసలు డబ్బుతో వేలంశాల తెరిచారు. ఆడి గెలుచుకోవలసిన ఆయుధాన్ని కొనుక్కుంటే సరిపోవడంతో ఆటలో పస పోయింది. 2014 మార్చి 18న దానిని మూసివేశారు.

ధర నిర్ణయం

అరుదుదనం, ఉపయోగం, అందం ధరను నిర్ణయిస్తాయి. కౌంటర్ స్ట్రైక్‌లో తుపాకుల పైపూతలకు (స్కిన్లు) 0 నుండి 1 వరకు అరుగుదల అంకె ఉంటుంది. దానినిబట్టి ఐదు తరగతులు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రంగు, తేమ చూసి ధర కట్టి, తాలు కాయను వేరుగా తూచినట్లే ఇక్కడా ఒకే రకం వస్తువుకు పలు ధరలుంటాయి. ఆ ఆటకు స్టీమ్ మార్కెట్‌లో అమ్మకందారుకు 100 రూపాయలు ముట్టాలంటే కొనుగోలుదారు 115 చెల్లించాలి. మిగతా 15 రుసుము. ఆ 100 కూడా స్టీమ్ ఖాతాలోనే ఉంటుంది, బ్యాంకుకు మళ్ళించుకోవడం కుదరదు. అందుకే కొందరు బయటి సైట్లను ఆశ్రయిస్తారు.

రాక్షసులను చంపిన ప్రతిసారీ కొత్త బంగారం పుట్టే ఆటలలో ద్రవ్యోల్బణం తప్పదు. డయాబ్లో 2లో బంగారానికి విలువ పోయి, స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరమే ఆటగాళ్ళ మధ్య నాణెంగా చెలామణి అయింది. మరమ్మతు ఖర్చులు, పన్నులు పెట్టి బంగారాన్ని తిరిగి లాగేసుకోవడం ఇందుకు విరుగుడు. నిర్వాహకుల ఒక్క నిర్ణయం ధరలను తలకిందులు చేయగలదు: 2025 అక్టోబరులో ఐదు ఎర్ర తరగతి స్కిన్లకు బదులుగా కత్తి పొందే వీలు కల్పించగానే కత్తుల ధరలు పడిపోయాయి.

భారతదేశంలో

ఇక్కడ మొబైల్ ఆటలదే ప్రాబల్యం. వాటిలో వస్తువులను ఇతరులకు బదిలీ చేసే వీలు చాలావరకు లేనందున ఖాతానే మొత్తంగా అమ్ముతుంటారు. ఇది సాధారణంగా ఆట నియమాలకు విరుద్ధం. మోసం ఎక్కువగా జరిగేది కూడా ఇందులోనే. డబ్బు ముట్టిన తరువాత అమ్మినవాడు తన పాత ఈమెయిలు ద్వారా ఖాతాను తిరిగి స్వాధీనం చేసుకుంటాడు. కొన్నవాడు తరచుగా మైనరు, పెద్దలకు చెప్పలేడు. భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. సైబరు మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

వస్తువులపై యాజమాన్యం సంస్థదే, ఆటగాడిది వాడుకొనే అనుమతి మాత్రమే. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధానికి గురైనపుడు వాటిలో డబ్బు పెట్టినవారికి ఈ సంగతి తెలిసివచ్చింది.

తెలంగాణ 2017లో తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పందెం కట్టి ఆడే ఆటలను నిషేధించింది. 2025 నాటి కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో కొన్న నాణేలు, టోకెన్లు వంటి వర్చువల్ వస్తువులను కూడా పందెంగా పరిగణించింది. ఈ రెండు చట్టాల గురి పందెం మీదే గాని, ఆటగాళ్ళ మధ్య జరిగే మామూలు మార్పిడి మీద కాదు.