పేరు అచ్చుకాని నవలాకారుడు
(దాసరి సుబ్రహ్మణ్యం గారి జీవితం, కృషి)



ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంఘం పెద్దలు మమ్మల్ని కోరారు. రాజ్యాల చరిత్ర వ్రాయగలిగినంత చదువు మాకు లేదు. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తా పనిలో కుదురుకొన్నవారము. కాని తెలుగు పిల్లలు రెండు మూడు తరాల పాటు ఊపిరి బిగబట్టి చదివిన నవలలు వ్రాసి, వ్రాసిన నాడు వాటిమీద తన పేరు చూసుకోని ఒక రచయిత చరిత్ర మాకు కొంత తెలుసు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఈ పేరు వినగానే గుర్తుపట్టేవారు మనలో కొద్దిమందే ఉంటారు. ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ అంటే మాత్రం నలభై దాటినవారు చాలామంది తలలెత్తి చూస్తారు. ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పన్నెండేళ్ళు దాటి ఇరవైకి ఇవతల ఉన్నవారి వయస్సు చిత్రమైనది. కాకమ్మ కథలు వారికి చాలవు, పెద్దల నవలలు పట్టవు. వారికోసమే ప్రత్యేకంగా నవలలు వ్రాయడం లోకంలో మరీ పాత సంగతేమీ కాదు. ఫ్రాన్సులో హెట్జెల్ అనే ప్రచురణకర్త 1864లో పిల్లలకూ యువకులకూ ఒక పత్రిక పెట్టి, జూల్ వెర్న్ చేత అందులో ధారావాహికలు వ్రాయించాడు. జలాంతర్గామిలో సముద్రగర్భమంతా తిరిగే కథ 1869-70లో ఆ పత్రికలోనే వచ్చింది. ఎనభై రోజుల్లో భూమిని చుట్టివచ్చే ఆయన కథ మావంటి రైలు ఉద్యోగులకు మరీ ప్రీతిపాత్రమైనది. బొంబాయి నుండి కలకత్తాకు పోయే బండి నడిమధ్యలో ఆగిపోతుంది. ఇక ముందుకు పట్టాలు వేయలేదంటారు. కథానాయకుడు ఏమాత్రం తొణకక ఒక ఏనుగును కొని ప్రయాణం సాగిస్తాడు!

వెర్న్ తరువాత అమెరికాలో రాబర్ట్ హైన్‌లైన్ ఈ మార్గంలో ప్రసిద్ధికెక్కాడు. 1947 మొదలు 1958 వరకు ఒకే ప్రచురణ సంస్థకు యువకుల కోసం పన్నెండు శాస్త్ర నవలలు వ్రాశాడు. రాకెట్లు, చంద్రమండలం, ఇతర గ్రహాలు వాటిలోని సామగ్రి.

ఆ 1947 జూలైలోనే మద్రాసులో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ‘చందమామ’ పత్రికను ప్రారంభించారు. మన సుబ్రహ్మణ్యం గారు దానికి వ్రాసిన పెద్ద ధారావాహికలు కూడా పన్నెండే. హైన్‌లైన్ రాకెట్టు ఎక్కించిన చోట మనవారు గండభేరుండ పక్షిని ఎక్కించారు. అక్కడ గ్రహాంతరం ఐనది ఇక్కడ పాతాళదుర్గం ఐనది. వీటిని శాస్త్ర నవలలు అంటే ఎవరూ ఒప్పరు, జానపద సాహస నవలలు అనాలి. కాని కన్నెరుగని లోకంలోకి కుర్రవాణ్ణి చేయిపట్టి తీసుకుపోయి, ధైర్యమూ యుక్తీ నేర్పి, క్షేమంగా ఇంటికి చేర్చడం అనే పని మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. తెలుగులో ఆ పనిని జీవితమంతా వృత్తిగా చేసినవారిలో సుబ్రహ్మణ్యం గారికి సాటి రాగలవారు మాకు కనబడలేదు.

ఆయన 1932 అక్టోబరు 25న జన్మించారు. గుంటూరు జిల్లావారు. హేతువాదియైన అన్నగారి ప్రభావం ఆయన మీద ఉన్నది. 1952లో, అంటే సుమారు ఇరవయ్యవ ఏట, చందమామ కార్యాలయంలో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు గారు చందమామ సంపాదకత్వ బాధ్యత తీసుకొన్నది కూడా ఆ ఏడే. కుటుంబరావు గారు 1980 ఆగస్టు 17న కన్నుమూసే వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. చందమామ భాష ఇంత తేటగా, ఏ జిల్లావారికైనా ఒక్కలాగే అర్థమయ్యేటట్లు ఉండడం ఆయన చలవ. ఆ నీడలోనే సుబ్రహ్మణ్యం గారి కలం కూడా సాపైనది.

1954లో ‘తోకచుక్క’ మొదలయింది. తరువాత వరుసగా ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వచ్చాయి. మధ్యలో కొంత విరామం. ఆ విరామంలో బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వంటివి చందమామలో వచ్చాయి. మాయలూ మంత్రాలూ ఇక చాలునని చక్రపాణి గారు భావించారనీ, కాని పాఠకులు ఊరుకోలేదనీ చందమామ అభిమానులు చెప్పుకొంటారు. ఏమైతేనేం, 1966 ప్రాంతంలో ‘పాతాళదుర్గం’తో మరల మాంత్రికులు దిగారు. పిమ్మట ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’. చివరిది 1978లో మొదలైన ‘భల్లూకమాంత్రికుడు’. ‘బొమ్మరిల్లు’ పత్రికలో వచ్చిన ‘మృత్యులోయ’ కూడా ఆయనదే.

నెలకు ఒక భాగం వ్రాయడమంటే చిన్న పని కాదు. రెండేసి మూడేసి ఏళ్ళు నడిచే కథలో ఏ పాత్ర ఎక్కడ విడిచిపెట్టబడిందో, ఎవరి చేతిలో ఏ కత్తి ఉందో మరవకూడదు. క్రొత్తగా పత్రిక కొన్న పిల్లవాడికి కూడా వెనుకటి కథ నాలుగు ముక్కల్లో అందాలి. చివరి వాక్యం దగ్గర కథానాయకుడు ఏ కొండ అంచునో వ్రేలాడుతూ ఉండాలి, లేకపోతే వచ్చే నెల పత్రిక కోసం కుర్రవాడు అంగడి చుట్టూ తిరగడు. అదే కథ ఇతర భాషలలోకి పోవాలి. బొమ్మలు వేయాలి. ఆ బొమ్మలు చాలావరకు ‘చిత్రా’ అనే పేరుతో ప్రసిద్ధులైన టి.వి. రాఘవన్ గారివి. కత్తి దూసిన యువకుడూ, కోరలు సాచిన మృగమూ, ఊడలమర్రీ మన కళ్ళకు ఇప్పటికీ కట్టినట్లుంటే అందులో సగం పుణ్యం ఆయనది. 1978లో ఆయన కాలం చేశారు.

సుబ్రహ్మణ్యం గారి కథలలో మేము గమనించిన రెండు సంగతులు మనవి చేస్తాము.

మొదటిది స్నేహం. ఆయన కథలు ఒంటరి వీరుడితో నడవవు. ‘రాకాసిలోయ’లో కేశవుడూ జయమల్లూ, ‘రాతిరథం’లో ఖడ్గవర్మా జీవదత్తుడూ, ‘మాయాసరోవరం’లో జయశీలుడూ సిద్ధసాధకుడూ జంటలు. ‘శిథిలాలయం’లోని జంట మనకు మరీ దగ్గరవారు. విక్రమకేసరికి తోడైన శిఖిముఖి అడవిలో పెరిగిన శబర నాయకుడి కుమారుడు. వారిలో ఒకరు ఎక్కువా మరొకరు తక్కువా కారు. అడవి దారి తెలిసినవాడు శిఖిముఖి. సవరలు, కోంధులు, పరజలు, గదబలు ఇరుగుపొరుగుగా ఉన్న ఈ కొండసీమలో బ్రతుకుతున్న మనకు ఆ స్నేహం విలువ వేరే చెప్పనక్కరలేదు. సంతకు వచ్చే కొండవారిని చిన్నచూపు చూసే అలవాటు మనలో కొందరికి ఉన్నదన్నది దాచవలసిన మాట కాదు. మన పిల్లలు శిఖిముఖి కథ చదివితే ఆ అలవాటు వారికి అంటదని మా నమ్మకం.

రెండవది మాంత్రికుల సంగతి. ఇటువంటి కథలు పిల్లలకు మూఢనమ్మకాలు నేర్పుతాయని కొందరు పెద్దలు అంటూంటారు. ఆ మాటను త్రోసిపుచ్చనక్కరలేదు, పరిశీలించవలసిందే. ఐతే ఈ కథలలో మంత్రం తెలిసినవాడు చివరకు గెలుస్తున్నాడా అని చూడాలి. గెలవడు. వాడికీ ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది, దురాశతో పక్కవాడి చేతిలో మోసపోతాడు. వాణ్ణి గెలిచేది కండబలమూ, సమయస్ఫూర్తీ, తోడున్న మిత్రుడూ. హేతువాదపు గాలి సోకిన మనిషి మాంత్రికుల కథలు వ్రాస్తే ఇలాగే ఉంటుంది. మాంత్రికుడంటే భయం పుట్టించడం ఆయన పని కాదు. భయపెట్టేవాడు కూడా మనిషేనని చూపించడమే ఆయన పని.

ఇక పేరు సంగతికి వస్తాము.

వెర్న్ నవలల అట్టమీద వెర్న్ పేరు ఉండేది. హైన్‌లైన్ పేరు చూసే పిల్లలు పుస్తకం కొన్నారు. చందమామ ధారావాహిక మీద సుబ్రహ్మణ్యం గారి పేరు ఉండేది కాదు. ఇందులో ఆయన మీద ప్రత్యేకించి పగ ఏమీ లేదు. కుటుంబరావు గారంతటి వారు వందలకొద్దీ కథలు తిరగవ్రాసి పేరు లేకుండానే వేశారు. కార్యాలయంలో జీతం తీసుకొని వ్రాసే వ్రాత పత్రికది అన్నది ఆనాటి పద్ధతి. అన్ని భాషలలోనూ ఒకే గొంతు వినబడాలన్న ఆలోచన కూడా అందులో ఉండి ఉండవచ్చు. ఆ ఏకస్వరమే చందమామకు అందం తెచ్చింది.

ఐనా న్యాయం మరొక ప్రక్క కూడా ఉన్నది. ఉద్యోగి పనికి జీతం చెల్లుతుంది, నిజమే. కాని కథ అన్నది బియ్యం బస్తా కాదు. తూచి దింపి రసీదు వ్రాస్తే తీరిపోయే సరుకు కాదు. యాభై ఏళ్ళ తరువాత కూడా దానిని చదివినవాడి తలలో అది నడుస్తూనే ఉంటుంది. అటువంటిది ఎవరిచ్చారో తెలియకపోవడం పుచ్చుకొన్నవాడికే లోటు. పనిచేసినవాడి పేరు పైకి రాని కొలువుల్లో ఉన్న మావంటి వారికి ఈ మాట కొంచెం గట్టిగానే తాకుతుంది. బండి వేళకు వచ్చిందంటారే గాని, రాత్రంతా మేలుకొని దానిని నడిపించినవారి పేర్లు ఎవరు అడుగుతారు?

ఆయన మాత్రం పేరు కోసం పోరాడుతూ కూర్చోలేదు. 1975లో చక్రపాణి గారు, 1978లో చిత్రా గారు, 1980లో కుటుంబరావు గారు ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయారు. ఆయన అదే కార్యాలయంలో పని చేస్తూనే ఉన్నారు. 1998 అక్టోబరులో పత్రిక ఆగిపోయి, ఏడాదికి పైగా మూతపడి తిరిగి తెరచుకొన్నది. 2006 వరకు, అంటే యాభై నాలుగేళ్ళు, ఆయన చందమామ మనిషిగానే ఉన్నారు. చివరి రోజులు విజయవాడలో గడిపి 2010 జనవరి 27న కన్నుమూశారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే చందమామ కూడా ఆగిపోయింది. తరువాతి కాలంలో అభిమానులు పూనుకొని ఆయన రచనలను ఆయన పేరుతోనే పుస్తకాలుగా తెచ్చారు. ఆలస్యమైనా పేరు అచ్చయింది.

ఈ చరిత్ర కకిరిగుమ్మలో ఎందుకు చెప్పవలసివచ్చిందంటే, దానికి కారణం ఉన్నది.

ఈ కొరాపుట్టు సీమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు విశాఖపట్నం జిల్లాలోనిది. సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడ వర్తకం చేసుకొన్న తెలుగువారు ఎందరో. 1990ల దశకంలో కొరాపుట్టు-రాయగడ రైలుమార్గం పూర్తయిన తరువాత మావంటి ఉద్యోగులు మరికొందరు వచ్చి చేరారు. మన పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, అది మంచిదే. ఉన్న ఊరి భాష రాకపోతే బ్రతుకు లేదు. ఇంటిలో తెలుగు మాట్లాడతారు. కాని తెలుగు చదవడం వచ్చిన పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. మాట నిలిచి అక్షరం పోతున్నది.

చందమామ ఒడియాలో ‘జహ్నమాము’ పేరుతో చాలాకాలం వచ్చింది. ఇరుగుపొరుగు ఒడియా మిత్రులలో పెద్దవారిని అడిగి చూడండి. మీరు తెలుగులో చదివిన మాంత్రికుణ్ణే వారు తమ భాషలో చదివి ఉంటారు. మొదట తెలుగులో పుట్టిన కథ అది అని వారికి తెలియకపోవచ్చు. వ్రాసినవారి పేరు మనకే తెలియనప్పుడు వారికి ఎలా తెలుస్తుంది?

అక్షరమాల దిద్దించి, వత్తులు వల్లె వేయించి పిల్లలకు తెలుగు నేర్పబోతే వారు పారిపోతున్నారు. వారిది తప్పు కాదు. చదివి తెలుసుకోవలసిన రహస్యమేదో ఆ అక్షరాల వెనుక ఉన్నదని వారికి తోచాలి. ఒక భాగం పెద్దలు చదివి వినిపించి, కథానాయకుడు కొండ అంచున వ్రేలాడే చోట పుస్తకం మూసివేయాలి. తరువాతి భాగం వారే కూడబలుక్కొని చదువుకొంటారు. సుబ్రహ్మణ్యం గారు తన ధారావాహికలలో చేసిన ఉపాయం ఇదే. మన ఇళ్ళలో కూడా ఇది పనిచేస్తుంది.

కనుక ఈ క్రొత్త సంవత్సరంలో సంఘం సభ్యులకు మా మనవి ఒకటే. పండుగ ఖర్చులో కొంత మిగిల్చి ఆయన నవలలు కొన్ని తెప్పించి సంఘం బీరువాలో పెట్టుదాము. పుస్తకాల రిజిష్టరు మేము వ్రాసి పెడతాము. అందులో వరుస సంఖ్య, పుస్తకం పేరు, వెల అనే గడులతో పాటు రచయిత అనే గడి కూడా ఉంటుంది. ఆ గడిని ఈసారి ఖాళీగా విడిచిపెట్టము. పుస్తకం తీసుకుపోయే ప్రతి పిల్లవాడి చేతా ఆ పేరు ఒకసారి బిగ్గరగా చదివించి మరీ ఇస్తాము.