యాభై ఆరేళ్ళు మోసిన పేరు

1915 అక్టోబరు 25న టోక్యోలో వాడా మిజు అనే న్యాయవాది ఇంట్లో ఒక పెళ్ళి జరిగింది. పందిరి లేదు, బాజాలు లేవు, పెళ్ళికూతురి పుట్టింటివాళ్ళు ఒక్కరూ లేరు. ఉన్నదల్లా ఒక కాగితం. అందులో మూడు షరతులు. చైనా చట్టం ప్రకారం జరగాల్సిన తతంగం వీలైనంత త్వరగా పూర్తిచేసుకోవాలి. కలకాలం దంపతులుగా ఉండి ఒకరి సుఖాన్ని ఒకరు పెంచాలి. ఎవరు మాట తప్పినా చట్టం వేసే శిక్షకు అడ్డు చెప్పకూడదు. కాగితం మీద తేదీ మాత్రం 26 అని వేశారు. సరిసంఖ్య శుభమని అక్కడివాళ్ళ నమ్మకం. వరుడు సన్ యట్-సేన్. చైనాలో రాచరికాన్ని కూల్చిన విప్లవానికి నాయకుడు, అప్పటికి దేశం విడిచి జపాన్‌లో తలదాచుకుంటున్నాడు. వయసు 48. వధువు సూంగ్ చింగ్-లింగ్‌కు 22.

ఆ షరతుల్లో నన్ను ఆకట్టుకున్నది వాటి సమానత్వం. భార్య ఇలా ఉండాలి, భర్త అలా ఉండాలి అని విడివిడిగా ఒక్క మాట లేదు. ఇద్దరికీ ఒకటే బాధ్యత, ఒకటే శిక్ష. ఆ కాపురం తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు సాగింది. ఆ తర్వాత ఆమె యాభై ఆరేళ్ళు ఆయన భార్యగానే లోకానికి కనిపించింది. ఆ పేరు కోసం పార్టీలు పోటీపడ్డాయి, ప్రభుత్వాలు బతిమాలాయి, బెదిరించాయి. ఆమె దాన్ని ఒక్కో కాలంలో ఒక్కో పనికి వాడింది.

ఆమె తండ్రి చార్లీ సూంగ్ హైనాన్ ద్వీపంలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, మెథడిస్టు క్రైస్తవుడై, షాంఘై తిరిగొచ్చి బైబిళ్ళు అచ్చువేసి డబ్బు గడించాడు. సన్ ఉద్యమానికి ఆ డబ్బుతో అండగా నిలిచిన పాత మిత్రుడు. ఆరుగురు పిల్లల్లో ముగ్గురు ఆడపిల్లలనూ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వెస్లియన్ కళాశాలకు పంపి చదివించాడు. అప్పటి షాంఘైలో అది చిన్న సంగతి కాదు. రిపబ్లిక్ కొత్త జెండాను తండ్రి పంపితే, చింగ్-లింగ్ తన గది గోడమీది పాత డ్రాగన్ జెండాను పీకి కిందపడేసిందని తోటి విద్యార్థినులు చెప్పుకునేవారు. 1912లో కళాశాల పత్రికకు రాసిన వ్యాసంలో చైనా విప్లవాన్ని ఇరవయ్యో శతాబ్దంలోకెల్లా గొప్ప ఘటన అంది.

1913లో చదువు ముగించుకుని జపాన్ చేరి, అక్కడ సన్‌కు కార్యదర్శిగా కుదిరింది. ఆయనకు అప్పటికే భార్య ఉంది, లూ ముజెన్. ముగ్గురు పిల్లలు కూడా. లూ ఒప్పుకోలుతోనే ఆయన విడిపోయాడు కానీ, క్రైస్తవ కుటుంబంలో ఆ విడాకులు చెల్లే మాట కాదు. పైగా తన ఈడు స్నేహితుడు తన కూతుర్ని చేసుకోవడం ఏ తండ్రి సహిస్తాడు? చార్లీ సూంగ్ జపాన్ పరిగెత్తాడు. అప్పటికే సంతకాలు అయిపోయాయి. 1918లో ఆయన కన్నుమూశాడు.

ఆమె పేరు మీద కాక ధైర్యం మీద దేశం దృష్టి పడింది 1922 జూన్ 16 తెల్లవారుజామున. అప్పటికి ఇద్దరూ చైనా తిరిగొచ్చారు. కాంటన్‌లో, అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌలో, సన్ నమ్మిన సేనాని చెన్ జియోంగ్‌మింగ్ తిరగబడి ఆయన నివాసాన్ని ముట్టడించాడు. ఇద్దరూ కలిసి బయటపడటం కష్టం. దేశానికి తాను లేకపోయినా ఫరవాలేదు, ఆయన లేకపోతే కుదరదని పట్టుబట్టి భర్తను ముందు పంపించేసింది. కొద్దిమంది అంగరక్షకులతో తాను వెనక ఉండిపోయింది. గుళ్ళవానలో గంటల తరబడి గడిపి, చివరికి పల్లెటూరి ముసలమ్మ వేషంలో బయటపడింది. ఆమె అప్పుడు గర్భవతి. ఆ కడుపు నిలవలేదు, ఆ తర్వాత మళ్ళీ పిల్లలు కలగలేదు. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక సైనిక తిరుగుబాటు కింద రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఆ రోజు ఆమె పోగొట్టుకున్నది ఏ లెక్కలోనూ చేరలేదు.

1925 మార్చి 12న బీజింగ్‌లో సన్ క్యాన్సర్‌తో మరణించాడు. వీలునామాలో ఆమెకు రాసిచ్చింది పుస్తకాలు, బట్టలు, షాంఘైలో ఇల్లు. రాయకుండా ఇచ్చింది తన పేరు.

రెండేళ్ళు దాటగానే ఆ పేరు విలువ ఏమిటో తేలింది. 1927 ఏప్రిల్‌లో సన్ పార్టీ కొమింటాంగ్ సేనాని చియాంగ్ కై-షేక్ షాంఘైలో కమ్యూనిస్టులను, కార్మికులను ఊచకోత కోయించాడు. ఆయనా సన్ వారసుడినే అన్నాడు. జూలైలో వూహాన్‌లోని కొమింటాంగ్ వర్గం కూడా అదే దారి పట్టబోతుంటే, ఇది నా భర్త ఆశయానికి ద్రోహమని చింగ్-లింగ్ బహిరంగ ప్రకటన ఇచ్చి మాస్కో వెళ్ళిపోయింది. ఆమె నోరు మూయించడానికి విచిత్రమైన ఆయుధం దొరికింది. విదేశాంగమంత్రిగా పనిచేసిన యూజీన్ చెన్‌ను ఆమె పెళ్ళాడబోతోందని విదేశీ పత్రికలు రాశాయి. మళ్ళీ పెళ్ళాడితే ఇక సన్ భార్య కాదు, ఆమె మాటకు బరువుండదు. ఆ వార్త విని ఆమె మంచం పట్టింది. అదే డిసెంబరులో చెల్లెలు మెయ్-లింగ్ చియాంగ్‌ను పెళ్ళి చేసుకుంది. సన్ భార్య చెల్లెలు కావడం ఆ పెళ్ళికూతురికున్న పెద్ద కట్నం.

ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఒకరు డబ్బును, ఒకరు అధికారాన్ని, ఒకరు దేశాన్ని ప్రేమించారని చైనాలో ఒక నానుడి ఉంది. వినడానికి బాగుంటుంది కానీ నాకు నచ్చదు. చింగ్-లింగ్ దేశాన్ని ప్రేమించినందుకు చెల్లించిన మూల్యం, ఆ అక్కనూ చెల్లెల్నీ అంతే ప్రేమించడం. 1940లో జపాన్‌తో యుద్ధం సాగుతుండగా ముగ్గురూ చుంగ్‌కింగ్‌లో ఆసుపత్రులూ, ఆశ్రయాలూ కలిసి తిరిగారు. ఆ ఫొటోల్లో వాళ్ళ నవ్వులు నటన అనిపించవు.

ఇంకో ఫొటో సంగతి చెప్పాలి. 1933 ఫిబ్రవరి 17న బెర్నార్డ్ షా షాంఘై వస్తే ఆమె తన ఇంట్లో భోజనం పెట్టింది. తోటలో ఏడుగురు వరసగా నిలబడి తీయించుకున్నారు. అమెరికన్ పాత్రికేయురాలు ఎగ్నెస్ స్మెడ్లీ, షా, చింగ్-లింగ్, విద్యావేత్త త్సాయ్ యువాన్‌పెయ్, యువ పాత్రికేయుడు హెరాల్డ్ ఐజాక్స్, రచయిత లిన్ యుటాంగ్, చివరన పొట్టిగా మరో రచయిత లూ షున్. రాజకీయ ఖైదీల కోసం ఆమె, త్సాయ్, లూ షున్ కలిసి పౌరహక్కుల సంఘం పెట్టిన రోజులవి. నాలుగు నెలలకే ఆ సంఘ కార్యదర్శి యాంగ్ షింగ్‌ఫోను షాంఘైలో కాల్చి చంపారు. ఆ తూటా అసలు హెచ్చరిక ఎవరికో అందరికీ తెలుసు. ఆమెను కాల్చడానికి మాత్రం చియాంగ్‌కు చేతులు రాలేదు. సన్ యట్-సేన్ భార్యను చంపి సన్ వారసుడినని చెప్పుకోవడం ఎలా? పేరు ఆమెకు కవచమైంది. ఆ కవచం చాటున ఎందరినో కాపాడింది. 1936లో అమెరికన్ పాత్రికేయుడు ఎడ్గార్ స్నో కమ్యూనిస్టు స్థావరాలకు చేరగలిగింది ఆమె సాయంతోనే.

1938 జూన్‌లో హాంకాంగ్‌లో చైనా రక్షణ సమితి స్థాపించి, చియాంగ్ ప్రభుత్వం దిగ్బంధించిన ప్రాంతాలకు సైతం మందులూ శస్త్రచికిత్స పరికరాలూ పంపింది. అదే ఏడు సెప్టెంబరులో మన కాంగ్రెస్ పంపిన వైద్యబృందం, అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ, గ్వాంగ్‌జౌ రేవులో దిగినప్పుడు స్వాగతం పలికినవారిలో ఆమె ఉంది. కోట్నీస్ మళ్ళీ తిరిగి రాలేదు. 1955 డిసెంబరులో ఆమె భారతదేశం వచ్చినప్పుడు ఇక్కడ ఆమె పరాయి మనిషి కాకపోవడానికి ఇదీ ఒక కారణం.

1949లో కమ్యూనిస్టులకు కూడా ఆ పేరు కావాల్సి వచ్చింది. ఆ పార్టీ నాయకులు మావో, జౌ ఎన్‌లై రాసిన ఉత్తరాలు పట్టుకుని జౌ భార్య డెంగ్ యింగ్‌చావ్ షాంఘై వెళ్ళింది. భర్త ప్రాణం పోయిన బీజింగ్‌లో అడుగుపెట్టడానికి చింగ్-లింగ్ చాలారోజులు మనసు చిక్కబట్టుకోవాల్సి వచ్చింది. ఆగస్టు చివర రైలు దిగితే మావో స్వయంగా స్టేషన్లో ఉన్నాడు. అక్టోబరు 1న తియానన్మెన్ మీద నిలబడ్డ కొత్త ప్రభుత్వపు ఆరుగురు ఉపాధ్యక్షుల్లో ఆమె ఒక్కతే ఆడమనిషి. 1951లో వచ్చిన స్టాలిన్ శాంతి బహుమతి సొమ్ము లక్ష రూబుళ్ళూ షాంఘైలో తల్లీపిల్లల ఆసుపత్రికి ఇచ్చేసింది. నా మటుకు నాకు ఆ దశాబ్దంలో ఆమె చేసిన పనుల్లో నిలిచేవి ఇవే, ఆసుపత్రి, పిల్లల నాటకశాల, పిల్లల పత్రిక.

మిగతాది మింగుడుపడదు. 1957లో లక్షలాది మేధావుల మీద మితవాదులన్న ముద్ర పడింది, తర్వాత కరవు వచ్చింది. ఆమె బహిరంగ ప్రసంగాల్లో వినిపించింది ప్రభుత్వ గొంతే. 1927లో చియాంగ్‌ను పేరుపెట్టి ఎండగట్టిన మనిషి ఇలా మౌనం వహించడం నన్ను బాధపెడుతుంది. ఆ పదవి ఆమెకు పూలమాల వేసిన పంజరం అయింది. 1966లో సాంస్కృతిక విప్లవపు రెడ్ గార్డులు షాంఘైలో ఆమె తల్లిదండ్రుల సమాధిని పగలగొట్టారు. జౌ ఎన్‌లై కాపాడాల్సినవారి జాబితా రాసి అందులో మొదటి పేరు ఆమెదే పెట్టాడు, సమాధిని బాగుచేయించాడు. ఆమె మిత్రులకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తూ, చదివి కాల్చెయ్యమని కోరిన సందర్భాలున్నాయి.

ఆ షా ఫొటోకూ అలాంటి గతే పట్టింది. చైనాలో తర్వాత అచ్చైన ప్రతుల్లో ఐజాక్స్, లిన్ యుటాంగ్ మాయమయ్యారు. ఏడుగురి వరసలో ఐదుగురే మిగిలారు. చింగ్-లింగ్ మాత్రం రెండింట్లోనూ అదే చోట, షా పక్కనే ఉంది.

1981 మే 16న, చనిపోవడానికి రెండు వారాల ముందు, ఆమెకు దేశ గౌరవాధ్యక్షురాలన్న బిరుదు ఇచ్చారు. కమ్యూనిస్టు పార్టీలో చేర్చుకున్నదీ మరణశయ్య మీదే. మే 29న కన్నుమూసింది. న్యూయార్క్‌లో ఉన్న మెయ్-లింగ్ కబురందినా రాలేదు.

నాన్‌జింగ్‌లో పర్పుల్ కొండ మీద సన్ సమాధి ఉంది, 392 మెట్లు ఎక్కాలి. అక్కడ చోటు అడిగితే కాదనేవారెవరూ లేరు. ఆమె అడగలేదు. షాంఘైలో, ఒకప్పుడు పగలగొట్టిన తల్లిదండ్రుల సమాధి పక్కన తనను పెట్టమంది. యాభై ఏళ్ళకు పైగా తనకు వండిపెట్టి, ఇల్లు కనిపెట్టుకుని ఉన్న పనిమనిషి లీ యాన్-అ అదే ఏడాది ఫిబ్రవరిలో పోతే, తల్లిదండ్రులకు రెండోవైపున పూడ్పించింది. రెండు రాళ్ళూ ఒకే కొలతలో ఉండాలని ముందే చెప్పింది. ఇప్పుడు అలాగే ఉన్నాయి. ఆమె రాతి మీద సంవత్సరాలు, పదవి, కామ్రేడ్ సూంగ్ చింగ్-లింగ్ అన్న పుట్టింటి పేరు ఉన్నాయి. సన్ పేరు లేదు.