తెరమీది రాకాసి, పుటలలోని రాకాసి

ప్రొద్దుటూరునకు పోయి సినిమా చూచి వచ్చినవారు మా దువ్వూరులో రెండు తెగలుగా నుండెడివారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చినవారొక తెగ. పాటల పుస్తకము కొని తెచ్చినవారు రెండవ తెగ. మొదటివారి గౌరవము రెండు దినములు. రెండవవారి గౌరవము పుస్తకము చినుగువరకు. మా పెద్దక్క రెండవ తెగకు చెందినది. రాత్రి భోజనములైన పిదప ఆమె లాంతరు దగ్గర ఆ పుస్తకమును చదువుచుండగా, సినిమా మొగము చూడని మా అవ్వ, "ఆ రాకాసోడు ఎంత పొడుగుంటాడమ్మీ?" అని అడిగెడిది. "తాటిచెట్టంత ఉంటాడవ్వా" అని అక్క తడుముకొనకుండ చెప్పెడిది. పుస్తకములో తాటిచెట్టు మాట లేదు, తెరమీదను లేదు. మరి అది ఎచటనుండి వచ్చినది? నేటి నా ప్రసంగమునకు ఆ చెట్టే మూలము.

పాటల పుస్తకమనగా నేమో నేటి పిల్లలకు వివరింపవలసి యుండును. అది పలుచని కాగితముపై అచ్చయిన కొన్ని పుటల చిన్న పొత్తము. అట్టమీద నాయికానాయకుల బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు, పిదప కథాసంగ్రహము, ఆపైన పాటలు. సినిమాహాలు వాకిట అణాకో రెండణాలకో అమ్మెడివారు. దాని కథాసంగ్రహమునకు ఒక కట్టుబాటు కలదు. కథ ముప్పాతిక భాగము సాఫీగా నడచును. రాకుమారి చెరలో, వీరుడు గుహద్వారమున నుండగా ఆగిపోవును. వీరుడు రాక్షసుని జయించెనా, రాకుమారి విడుదలయ్యెనా అని రెండు ప్రశ్నలు వేసి, శేషమును వెండితెరపై చూడుమని చెప్పి ముగియును. రాకాసి వచ్చు వేళకే అచ్చు మూగవోవు నన్నమాట. అది వ్యాపారము, తప్పు పట్టనక్కరలేదు. కాని మా అవ్వవంటివారికి ఆ శేషమును అక్కలే పూరింపవలసి వచ్చెడిది.

వెండితెర నవల దీనికి ఎదురు దారి. అది కథను తుదిముట్ట చెప్పును. తెలుగున 1950, 1960 దశకములలో ఇట్టి నవలలకు మంచి గిరాకి యుండెను. ముళ్ళపూడి వెంకటరమణ అంతటి రచయిత కూడ ఈ పని చేసెను. ఆ కాలమున ఒక చిత్రము హాలు వదలిపోయిన, మరల ఎన్నడు వచ్చునో తెలియదు. ఇంటిలో చూచు సాధనములు లేవు. మరల చూడగోరినవాడు చదువవలసినదే. ఆ నవలలలో అధికభాగము సంభాషణల నడుమ "అని ఆశ్చర్యపోయెను", "అని నిట్టూర్చెను" అను మాటలు చేర్చి కుట్టిన గంతలని నేను ఒప్పుకొందును. అయినను కొన్నిట తెరమీద లేనిది ఏదో చేరినది. మానవుల కథలకన్న మహాకాయములైన మృగముల కథలలో ఈ చేర్పు స్పష్టముగా కానవచ్చును. ఏలయన అచట కెమెరాకు కష్టమెక్కువ, అక్షరమునకు ఖర్చు తక్కువ.

మొదట అమెరికా సంగతి. 'కింగ్ కాంగ్' చిత్రము 1933 మార్చిలో విడుదలయ్యెను. దాని నవల అంతకు ముందే, 1932 డిసెంబరులో అచ్చయి అంగళ్ళకు వచ్చెను. వ్రాసినవాడు డెలాస్ లవ్‌లేస్ అను పత్రికా రచయిత. చిత్రము పూర్తికాక పూర్వపు వ్రాతప్రతిని ముందుంచుకొని వ్రాసినందున, తెరమీద 'వెంచర్' అను పేరుగల ఓడ నవలలో 'వాండరర్' అయినది. అది చిన్న భేదము. పెద్ద భేదము వేరొకటి కలదు. నావికులు లోయమీది దుంగను దాటుచుండగా కాంగు దానిని కుదిపి వారిని క్రిందికి రాల్చును. ఆ లోయ అడుగున పెనుసాలెపురుగులు వారిని పట్టి తినునట్లు చిత్రీకరించిరి. కథ నడక ఆగిపోవుచున్నదని మెరియన్ కూపరు ఆ భాగమును తానే తీసివేసెను. ఆ ఫిల్ము ముక్క నేటికిని దొరకలేదు. లవ్‌లేస్ పుస్తకములో మాత్రము ఆ సాలెపురుగులు చెక్కుచెదరక ఉన్నవి. తెర పారవేసినదానిని పుట దాచిపెట్టినది.

ఇక జపాను సంగతి. ఇది రేడియో శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పదగినది. 1954 మార్చి 1వ తేదీన బికినీ దీవులలో అమెరికావారు హైడ్రోజను బాంబును ప్రయోగించి చూచిరి. 'అయిదవ అదృష్ట డ్రాగన్' అను జపాను చేపల పడవపై ఆ బూడిద పడెను. అందు 23 మంది జాలరులు. ఆ సంవత్సరమే తోహో సంస్థ, కడలి అడుగున నిదురించుచు అణుపరీక్షలచే మేల్కొన్న బ్రహ్మాండమైన మృగమును గూర్చి చిత్రము తీయ సంకల్పించి, కథను కయామా షిగేరు అను రచయితచే వ్రాయించెను. అదియే 'గొజిరా', లోకమునకు 'గాడ్జిల్లా'. చిత్రము నవంబరు 3న విడుదలయ్యెను. కాని అంతకు పూర్వమే, జూలై 17 నుండి సెప్టెంబరు 25 వరకు, పదకొండు శనివారములు ఆ కథ రేడియో నాటకముగా ప్రసారమయ్యెను. జపాను ప్రజలు గొజిరాను మొదట చూడలేదు, విన్నారు. యాబది మీటర్ల మృగము ఇంటిలోని పెట్టెనుండి పుట్టినది. ఆ నాటకము అక్టోబరులో పుస్తకముగను వెలువడెను.

ఇంకొక్క విషయము చెప్పక తప్పదు. నాటకము కడపటి భాగమునకు రెండు దినములు ముందు, సెప్టెంబరు 23న, ఆ చేపల పడవలోని మనిషి యొకడు ఆసుపత్రిలో మరణించెను. ఆతని పేరు కుబొయామా ఐకిచి. పడవలో ఆతని ఉద్యోగము రేడియో ఆపరేటరు.

చిత్రమున ఆ పడవ పేరు ఎత్తలేదు. సూచనగా మాత్రము కథ సాగును. కయామా 1955 జూలైలో మొదటి రెండు గొజిరా చిత్రముల కథలను నవలగా ప్రకటించినపుడు మాత్రము దాపరికము వదలెను. గొజిరా అణుబాంబునకు, హైడ్రోజను బాంబునకు ప్రతీక యని ముందుమాటలో సూటిగా చెప్పెను. చిత్రములో ప్రక్కన నిలిచిన షింకిచి అను దీవి బాలుడు నవలలో ముందుకు వచ్చును. 'టోక్యో గొజిరా సంఘము' అను పేర నగరమున బెదిరింపు పత్రములు పుట్టును. భయమును చూచి బెదరువారు కొందరు, భయమును వాడుకొనువారు కొందరు. మనుష్యులలోని ఈ రెండవ జాతిని తెరమీద చూపుటకు దర్శకునకు తీరిక లేకపోయెను. అగ్ని, కూలుచున్న మేడలు ఆతని కాలమంతయు తినివేసెను. ఈ నవల 2023లో జెఫ్రీ యాంగిల్స్ చేతిమీదుగా ఆంగ్లములోనికి వచ్చినది.

1961 నాటి 'మొస్రా' విషయమున కథ ముందు, చిత్రము వెనుక. ముగ్గురు సాహిత్యవేత్తలు, నకామురా, ఫుకునాగా, హొట్టా అనువారు, తలకొక భాగము వ్రాసి ఆ జనవరిలో ఒక వారపత్రిక ప్రత్యేకసంచికలో ప్రకటించిరి. అందు ఆ మహాకీటకము పట్టుగూడు కట్టినది పార్లమెంటు భవనమున. ముందటేడే ఆ భవనము చుట్టు అమెరికాతో రక్షణ ఒడంబడికకు వ్యతిరేకముగా లక్షలమంది గుమికూడి యుండిరి. చిత్రములో ఆ గూడు టోక్యో టవరునకు మారినది. టవరునకు రాజకీయము లేదు గదా!

ఇదంతయు పరుల గొడవ, మనకేమి అని కొందరనవచ్చును. అట్లు కాదు. మహాకాయులను చూపుట మన కడప సీమకు పాత వృత్తి. పులివెందులకు ఈవల చక్రాయపేట ప్రాంతమున సురభి అను గ్రామము కలదు. తోలుబొమ్మలాడించు వనారస వారి కుటుంబము 1885లో అచట 'కీచకవధ'ను మనుష్యులతో ఆడినది. సురభి నాటక సమాజమునకు పుట్టుక అది. తోలుబొమ్మలలో రాక్షసునకు కొలత కష్టము కాదు. బొమ్మను పెద్దదిగా కోసిన చాలును. మనిషి రాక్షసుడైనపుడే చిక్కు వచ్చినది. అందుకే సురభివారు తీగెలు, తెరలు, మంటలు, మాయమగు పలకలు కనిపెట్టిరి. వారి 'మాయాబజారు' చూచినవారికి ఆ పనితనము తెలియును.

1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించినవారును సురభి వేదికకు చెందినవారే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకము దానికి ఆధారము, హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. ఆ చిత్రము నేడు లేదు. కంబము పగిలిన ఆ క్షణమును కెమెరా ఎట్లు చూచినదో ఇక మనము చూడజాలము. పోతన చెప్పిన నరసింహుడు మాత్రము పుటలో సజీవుడై యున్నాడు. జటలు, కోరలు, గోళ్ళు, చూపు, శ్వాస ఒక్కొక్కటిగా, పొడుగైన వచనములో, ఊపిరి తిరుగనీయకుండ ఆ మహాకవి వర్ణించెను. (పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా యను తగవులోనికి నేను దిగను, మా జిల్లావాడను గనుక నా మనస్సు మీకు తెలియును.)

'మాయాబజారు' 1957 మార్చి 27న విడుదలయ్యెను. నిర్మాతలలో ఒకరైన నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడు వారు; దర్శకుడు కె.వి. రెడ్డి ప్రక్కనున్న తాడిపత్రి వాడు. అందు ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావు పెండ్లి విందుకడ కూర్చుండి పెరుగుట, లడ్లు తమంతట తామే నోటికి పోవుట, మార్కస్ బార్ట్లీ కెమెరా పనితనమునకు గుర్తులు. పిల్లలు ఆ రాక్షసుని చూచి భయపడరు, ముద్దుపడుదురు. అది చిత్రము సాధించిన ఘనత. కాని చిత్రమునకు మూలమైన శశిరేఖా పరిణయము వ్యాస భారతమున లేదు. భారతమున ఉన్న ఘటోత్కచుడు వేరు. ద్రోణపర్వమున కర్ణుడు ఇంద్రదత్తమైన శక్తిని ప్రయోగింపగా, చనిపోవుచు కూడ ఆతడు తన శరీరమును పెంచి, కౌరవసేనపై కూలి ఒక అక్షౌహిణిని నలిపివేయును. బలగమంతయు ఏడ్చుచుండగా కృష్ణుడు ఆనందించును. శక్తి అర్జునునికి తప్పినది గదా. తిక్కనను చదివినవాడు సినిమాహాలులో ఆ లడ్లు చూచి నవ్వుచునే, లోలోపల ఆ కూలుటను తలచుకొనకుండ ఉండలేడు. కెమెరా ఈ రెంటిని ఒకే క్షణమున చూపజాలదు. ఒక నవలాకారుడు మాత్రము విందు నడుమ ఒక్క వాక్యముతో కురుక్షేత్రమును తెచ్చి నిలుపగలడు. నా ఎరుకలో వెండితెర నవలకు ఇంతకన్న మంచి పని లేదు.

నాగిరెడ్డి, చక్రపాణి 1947లో స్థాపించిన 'చందమామ' ఈ విషయమున తన పని తాను చేసినది. దాసరి సుబ్రహ్మణ్యం పేరు చాలకాలము అచ్చులో కానరాకున్నను, ఆయన ధారావాహికలలోని వింతమృగములను పల్లెల పిల్లలు నెలనెలకు ఎదురు చూచిరి. సినిమాహాలు లేని ఊరిలో నెలకొక రాకాసి తపాలాలో వచ్చెడిది. ఆ పత్రికయు ఇప్పుడు లేదు.

తిరిగి తాటిచెట్టు దగ్గరకు వత్తును. గొజిరాకు జపానువారు యాబది మీటర్లని లెక్క కట్టిరి. అది టోక్యో మేడలను చూచి కట్టిన లెక్క. మా కె.సి. కాలువ గట్టుమీద మేడలు లేవు, తాళ్ళు ఉన్నవి. మా అక్క తన అవ్వ కనులెదుట ఉన్న ఎత్తును తీసికొని రాకాసికి ఇచ్చినది. కయామా చేసినదియు, లవ్‌లేస్ చేసినదియు ఈ పనియే. వారికి అచ్చు దొరకినది, ఆమెకు లాంతరు దొరకినది.

మా యింటి ట్రంకుపెట్టెలో ఆమె దాచిన పుస్తకములు నూరు దాటి యుండెను. ఒక వానకాలమున అడుగున చెమ్మ చేరి చెదలు పట్టినవి. మిగిలినవానిలో సగము మేము ఊరిలో లేనపుడు తూకమునకు పోయినవి. ఇపుడు నా దగ్గర పదునాలుగు కలవు. శ్రోతల ఇండ్లలో ఇట్టివి ఉన్నచో అట్ట చినిగినదని, చివరి పుట లేదని పారవేయవలదు. ఎండు వేపాకు నడుమ పెట్టి, నూలుగుడ్డలో చుట్టి, దగ్గరి గ్రంథాలయమున అడిగి చూడుడు. పుటల అంచున ఎవరైన పెన్సిలుతో వ్రాసిన మాటలున్నచో వానిని చెరుపకుడు.