పూసిన తర్వాత పేరు చెప్పని గోడ

చార్మినార్ గచ్చుకు సంబంధించి రెండు పాత ఖర్చులు చరిత్రలో నమోదై ఉన్నాయి. మొఘల్ సుబేదార్ల కాలంలో పిడుగు పడి నైరుతి మినార్ దెబ్బతింటే వెంటనే బాగు చేయించారు. 60,000 రూపాయలు అయింది. 1824లో కట్టడానికి కొత్తగా గచ్చు పూయించారు. లక్ష రూపాయలు అయింది. లెక్కలు మిగిలాయి. గోడ మీద మాత్రం ఏ పూత కట్టడం లేచిన 1591 నాటిదో, ఏది పిడుగు తర్వాతదో, ఏది 1824 నాటిదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడి కిందపడింది. అలాంటప్పుడు మరమ్మతు చేసేవాళ్ళకు ముందుగా తేలాల్సిన సంగతి ఒకటే: ఊడింది ఏ కాలపు పని, ఏం కలిపి చేసిన పని? జవాబు గోడలోనే ఉంది. కానీ గోడ దాన్ని పైకి చెప్పదు.

అదే 1824లో, అక్టోబరు 21న, ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రి ఒక కొత్త పొడికి పేటెంటు తీసుకున్నాడు. గట్టిపడ్డాక అది పోర్ట్‌లాండ్ ద్వీపపు రాయిలా కనిపిస్తుందని దానికి పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు పెట్టాడు. రాయిని పోలి ఉండటమే ఆ సరుకుకు మొదటి గొప్ప. చార్మినార్ ఒంటి మీదికి సున్నం ఎక్కుతున్న ఏడాదే, ఆ సున్నాన్ని తర్వాతి కాలంలో హైదరాబాదు గోడల మీంచి తోసేయబోయే సరుకు కూడా పుట్టిందన్నమాట.

గోడకు పూసే పదార్థం ఏదైనా దాని పని కప్పడం. అతుకు కనపడకూడదు, పగులు కనపడకూడదు, ఇటుక కనపడకూడదు. మేస్త్రి పనితనానికి కొలత కూడా అదే. ఎక్కడ అతికాడో తెలియకపోతే మంచి మేస్త్రి. ఈ మెచ్చుకోలే తర్వాత తరాలకు చిక్కు తెచ్చిపెట్టింది.

దక్కన్‌లో డంగు సున్నం తయారీ నెలల తరబడి సాగే పని. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడి దాకా కాల్చాలి. కాలిన రాయిని గోతిలో నీళ్ళు పోసి విరగనిచ్చి, రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత రాతి గానుగలో ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి, ఎద్దులతో తిప్పించి, వెన్నలా అయ్యేదాకా రుబ్బాలి. ఇందులోకి బెల్లం నీళ్ళు, నానబెట్టిన కరక్కాయ నీళ్ళు, మారేడు గుజ్జు, మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన వంటివి చేరేవి. జనపనార ముక్కలూ వేసేవారు. బెల్లం, కరక్కాయ సున్నాన్ని నిదానంగా గట్టిపడనిస్తాయి, పగుళ్ళు తగ్గిస్తాయి. నార పట్టునిస్తుంది. అన్నిటికన్నా పైపూత చాలా పలచగా, నున్నగా వేసి రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. ఏది ఎంత పాలు కలపాలన్నది ఒక్కో మేస్త్రి కుటుంబానికి ఒక్కో లెక్క. ఆ పాళ్ళు చేతి నుంచి చేతికి అందాయి. గోడ పక్కన ఎవరూ రాసిపెట్టలేదు.

హైదరాబాదు శివారులోని తుర్కయంజాల్ నుంచి చూస్తే ఈ చరిత్ర దూరంగా లేదు. ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్‌లో గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం పేరిట 1672లో కట్టిన మసీదు ఉంది. అయిదు కమానుల ముఖం, మినార్ల మీద సున్నపు నగిషీ పని, పక్కన సరాయి. గోల్కొండ ప్రభువుల చివరి దశలో మేస్త్రుల చెయ్యి ఎంత తేరిందో అక్కడ చూడవచ్చు. ఇటు దిల్‌సుఖ్‌నగర్ పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమాండ్ సమాధి ఉంది. ఆయన 1798 మార్చి 25న చనిపోయాడు. సమాధి దగ్గరి స్తంభాల మండపం 2001 వానల్లో కూలిపోయింది. తర్వాత మళ్ళీ కట్టారు. ఈ రోజు గుట్ట ఎక్కి ఆ మండపం చూసే కాలేజీ కుర్రాడు తాను చూస్తున్నది పద్దెనిమిదో శతాబ్దపు రూపాన్నా, ఇరవై ఒకటో శతాబ్దపు గచ్చునా? రెంటినీ ఒకేసారి చూస్తున్నాడు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో తెలుసుకునే హక్కు అతనికి ఉంది.

నిజాం రాజ్యంలో సిమెంటు ఇప్పటి కర్ణాటకలోని షాబాద్ నుంచి వచ్చింది. అక్కడి కంపెనీ 1936లో ఏసీసీ సిమెంటు కంపెనీలో కలిసింది. సిమెంటు ఒక్క రోజులో గట్టిపడుతుంది. గానుగ అక్కర్లేదు, ఎద్దులు అక్కర్లేదు, గోతిలో నానబెట్టే కాలం అక్కర్లేదు. పాత కట్టడాల మరమ్మతుకూ దాన్నే వాడటం మొదలుపెట్టారు. పైన వెల్లవేస్తే సున్నపు గోడకూ సిమెంటు గోడకూ తేడా తెలియదు. కానీ గోడకు తెలుసు. సున్నం పూసిన గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన నీళ్ళు లవణాలతో కలిసి పాత సున్నాన్ని గుల్ల చేస్తాయి. గోల్కొండ కింద కుతుబ్ షాహీ సమాధుల దగ్గర జరిగింది ఇదే. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో ఒప్పందం చేసుకున్న ఆగా ఖాన్ ట్రస్టు పదకొండేళ్ళకు పైగా అక్కడ పని చేసింది. అందులో పెద్ద భాగం ఇరవయ్యో శతాబ్దంలో వేసిన సిమెంటును గుమ్మటాల మీంచి ఒలిచి, మళ్ళీ సున్నం పూయడమే. 2024 జులైలో ఆ ఉద్యానం పూర్తయినట్టు ప్రకటించారు. ఒక తరం వేసిన పూతను ఇంకో తరం ఉలితో తీయాల్సి రావడం విచారకరం. వేసినవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళకు చేతిలో ఉన్నది మేలైన సరుకే అనిపించింది.

హైదరాబాదు రాజ్యం ఇలాంటి పాఠం ఇంకోచోట కూడా నేర్చుకుంది. అజంతా గుహలు అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేవి. 1914లో రాజ్యానికి సొంత పురావస్తు శాఖ ఏర్పడింది, గులాం యజ్దానీ దానికి అధిపతి. చిత్రాలున్న మట్టిపూత పొరలు పొరలుగా రాలిపోతుంటే, 1920లో ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, ఓర్సిని అనే ఇద్దరు నిపుణులను రప్పించారు. వాళ్ళు రెండు సీజన్లు పని చేశారు. ఊడుతున్న పూత అంచులను అతికి నిలబెట్టారు. రాలిపోయే బొమ్మలు ఎన్నో వాళ్ళ వల్ల నిలిచాయి. అయితే రంగులు తేలడానికి వాళ్ళు పైన రాసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపుగా, గోధుమరంగుగా మారింది. ఆ పసుపు ఎక్కడ అసలు చిత్రకారుడిది, ఎక్కడ వార్నిష్‌ది అని విడదీయడానికి భారత పురావస్తు సర్వే రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాల తర్వాత కూడా అంగుళం అంగుళం శుభ్రం చేయాల్సి వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, దీనికి మంచి విరుగుడు కూడా ఇటలీ నుంచే వచ్చింది. రోములో 1939లో పెట్టిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకు చెజారే బ్రాందీ నాయకుడు. పాత గోడచిత్రంలో రాలిపోయిన చోట కొత్త పూత వేసి, దాని మీద సన్నని నిలువు గీతలతో రంగు నింపే పద్ధతిని అక్కడ రూపొందించారు. దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉంటుంది. దగ్గరికి వెళితే గీతలు కనిపించి, ఇది కొత్త పని అని నిజం చెబుతాయి. 1964 మేలో వెనిస్‌లో కలిసిన వాస్తు నిపుణులు ఈ ఆలోచనను ప్రపంచానికంతటికీ నియమంగా రాశారు. పోయిన భాగాన్ని నింపితే మిగతా కట్టడంతో పొందికగా ఉండాలి, అయినా అసలుది కాదని గుర్తుపట్టేలా ఉండాలి. కప్పడమే పనితనం అని నమ్మిన వృత్తికి ఇది పెద్ద మలుపు. తెలియనివ్వకుండా అతకడం కన్నా, తెలిసేలా అందంగా అతకడం కష్టం. అదే గొప్ప పని కూడా.

అదే 1964లో ఇంకో సంగతి బయటపడింది. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే. ఆ వాయువులో ఆ ఏటి కర్బనం ఉంటుంది. కాబట్టి పాత సున్నపు ముక్కలోని రేడియో కర్బనాన్ని కొలిస్తే అది ఏ కాలంలో గట్టిపడిందో చెప్పవచ్చని లాబేరీ, దెలిబ్రియాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు చూపించారు. మేస్త్రి పేరు రాయకపోయినా సున్నం తన పుట్టిన తేదీని లోపల దాచుకుంటుందన్నమాట. ఇసుకలో పాత సున్నపురాయి రవ్వలు కలిసి ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి ఈ పరీక్ష తేలిక కాదు. అయినా, పూసిన పూతను పూసిన తర్వాత గుర్తించడంలో ఇంతకన్నా అందమైన దారి మరొకటి లేదు. సిమెంటూ ప్లాస్టర్ ఆఫ్ పారిసూ ఇలా గాలిని పీల్చుకుని గట్టిపడేవి కావు.

గుర్తు లేకపోవడం కట్టడాలకు చేసే హాని ఒక ఎత్తు, మనుషులకు చేసే హాని ఇంకో ఎత్తు. అమెరికాలో అగస్టీన్ సాకెట్ 1894లో జిప్సం పలకకు పేటెంటు తీసుకున్నాక, ఇరవయ్యో శతాబ్దంలో ఇళ్ళ గోడలు పలకలతో కట్టడం మొదలైంది. రెండు పలకల నడుమ సందును కాగితపు టేపుతో మూసి, పైన లేపనం రాసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ రాసి, మళ్ళీ రుద్దుతారు. లేపనం కుంచించుకుపోకుండా, పగలకుండా కొన్ని కంపెనీలు అందులో ఆస్‌బెస్టాస్ నార కలిపాయి. మన మేస్త్రులు జనపనార వేసిన కారణమే. కానీ ఇది ఊపిరితిత్తుల్లోకి దిగితే బయటికి రాని నార. రుద్దినప్పుడల్లా అది ధూళిగా లేచింది. 1975లో రోల్, లాంగర్, సెలికాఫ్, నికల్సన్ అనే పరిశోధకులు ఇలాంటి లేపనాలను పరీక్షించి, పని చేసేవాళ్ళు ఆ నారను పీలుస్తున్నారని చూపించారు. 1977లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఆస్‌బెస్టాస్ కలిపిన అతుకు లేపనాలను నిషేధించింది.

నిషేధం కొత్త డబ్బాలను ఆపింది. పూసిన గోడలు అలాగే ఉన్నాయి. ఆస్‌బెస్టాస్ ఉన్న లేపనమూ లేనిదీ ఆరాక ఒకేలా తెల్లగా ఉంటాయి. ఆమ్లం చుక్క వేసినా లాభం లేదు. రెంటిలోనూ సున్నపురాయి పొడి ఉంటే రెండూ పొంగుతాయి. ఒక ముక్క తీసి ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప తేలదు. యాభై ఏళ్ళు కావస్తున్నా అక్కడ పాత ఇల్లు పగలగొట్టే ముందు నమూనా పరీక్ష చేయించాల్సి రావడానికి కారణం ఇదే. తయారైన రోజునే అందులో ఏదో ఒక గుర్తు వేసి ఉంటే, ఒక రంగో, ప్రత్యేక దీపం కింద మెరిసే పొడో కలిపి ఉంటే, ఎంతో మంది పనివాళ్ళు ముందే జాగ్రత్త పడేవారు.

తెలుగు నేలకు ఆస్‌బెస్టాస్‌తో దగ్గరి చుట్టరికమే ఉంది. కడప జిల్లా పులివెందుల వైపు బ్రాహ్మణపల్లె గనుల్లో ఆ నార దొరికింది. హైదరాబాదులో 1940ల నాటి నుంచి దానితో సిమెంటు రేకులు చేశారు. అందులో పేరుమోసిన రకం పేరు చార్మినార్. 1986 నుంచి కేంద్రం కొత్త గనులకు అనుమతులు ఆపింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రక్షణ గురించి తీర్పు ఇచ్చింది. దిగుమతి చేసుకున్న తెల్ల ఆస్‌బెస్టాస్‌తో రేకులు చేయడం మాత్రం ఆగలేదు. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. రేకును చూస్తే రేకని తెలుస్తుంది కాబట్టి జాగ్రత్త పడవచ్చు. గోడలో కలిసిపోయినదాన్ని అలా పోల్చుకోలేం.

ఇప్పుడు తుర్కయంజాల్ సంగతి. సాగర్ రోడ్డు పొడుగునా బీఎన్ రెడ్డి నగర్, గుర్రంగూడ దాటి ఇబ్రహీంపట్నం దాకా ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. గోడలకు రోబో సాండ్‌తో సిమెంటు ప్లాస్టరింగ్, దాని మీద రెండు కోట్లు లప్పం (వాల్ పుట్టీ), గరుకు కాగితంతో రుద్దుడు, పైన రంగు. హాల్లో జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్, సందులకు టేపు, జాయింట్ లేపనం. ఇంటివాళ్ళకు రంగు పేరు గుర్తుంటుంది, షేడ్ నంబరు గుర్తుంటుంది. లప్పం ఏ రకమో, సీలింగు సందుల్లో ఏం నింపారో నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. లప్పం సంచులు చెత్తలోకి పోతాయి. రేపు ఆ గోడలు పగలగొడితే శిథిలాలు నాగోల్ పక్క ఫతుల్లాగూడ రీసైక్లింగ్ కేంద్రానికి చేరి పొడి అవుతాయి. ఆ పొడిలో ఏముందో అప్పుడు అడగడానికి మనిషి దొరకడు.

గుర్తు వేయడం కష్టమైన పని కాదని వ్యాపారమే చూపించింది. గులాబీ రంగులో ఉండి ఆరగానే తెల్లబడే అతుకు లేపనాలు వచ్చాయి. అది ఆరిందని తెలియడానికి. తేమను ఓర్చే జిప్సం బోర్డుకు ఆకుపచ్చ కాగితం, మంటను ఓర్చేదానికి గులాబీ కాగితం వేస్తున్నారు. మంట ఒక గది నుంచి ఇంకో గదికి పాకకుండా గోడ రంధ్రాల్లో నింపే పదార్థాన్ని, తనిఖీకి వచ్చినవాడికి కనపడేలా ఎర్రగా చేస్తున్నారు. సందులో నింపే సాధారణ లేపనానికి ఈ పాటి శ్రద్ధ ఎందుకు చూపకూడదు? ఏ కంపెనీదో, ఏ ఏటిదో చెప్పే చిటికెడు గుర్తుపొడి పైన వేసే రంగు అందాన్ని చెడపదు. దేశంలో భవన సామగ్రికి ప్రమాణాలు రాసేవాళ్ళు ఈ నియమం పెట్టాలి. లప్పం అమ్మే కంపెనీలు దానికి ముందే ముందుకు రావాలి.

అంతదాకా ఇల్లు కట్టించేవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. లప్పం సంచి మీదా, జాయింట్ లేపనం డబ్బా మీదా ఉన్న పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫోటో తీసి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టండి. ఏ గదికి ఏది వాడారో మేస్త్రితోనే రాయించండి. పాత ఇల్లు బాగు చేయిస్తుంటే గోడను పొడిగా గీకనివ్వకండి, నీళ్ళు చల్లి తడిపి గీకించండి, పనివాళ్ళకు మంచి మాస్కులు కొనిపెట్టండి.