ఆఫ్రికా స్త్రీలు – హెచ్.ఐ.వి. నివారణ సాధనములు : ముప్పదియైదేండ్ల చరిత్ర

మహమ్మారుల చరిత్ర వ్రాయువారు వ్యాధి ఎచ్చట పుట్టినది, ఎందరిని బలిగొన్నది, దానికే మందు కనుగొనబడినది అను మూడు విషయములను చెప్పి సాధారణముగా విరమింతురు. ఆ మందు ఎవరి చేతిలోనున్నది, దానిని వాడుటకు ఎవరి సమ్మతి కావలసియున్నది అను ప్రశ్న తరచుగా మరుగున పడుచుండును. సహారా ఎడారికి దక్షిణముననున్న ఆఫ్రికా దేశములలో హెచ్.ఐ.వి. చరిత్రను ఆ ప్రశ్న లేక గ్రహింప వీలులేదు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్సు సంస్థ లెక్కల ప్రకారము 2022లో ఆ ప్రాంతమున క్రొత్తగా వ్యాధి సోకినవారిలో నూటికి 63 మంది స్త్రీలును, బాలికలును.

తొలి దినములలో ప్రజలకు బోధింపబడిన మార్గములు మూడు: సంయమము, ఏకనిష్ఠ, కండోము. ఈ మూడును స్త్రీ స్వాధీనములో లేనివి. భార్య ఎంత నిష్ఠతోనున్నను భర్త నడవడికి ఆమె కాపు కాయజాలదు. కండోము ధరింపుమని అడిగినచో అనుమానమునకో, దెబ్బలకో గురియగుట కలదు. ఈ లోపమును స్పష్టముగా ఎత్తిచూపినది జీనా స్టైన్ అను వైద్యశాస్త్రవేత్త. స్త్రీలు తామై వాడుకొనదగిన సాధనములు కావలెనని ఆమె 1990లో ఒక అమెరికా ఆరోగ్యశాస్త్ర పత్రికలో వ్రాసెను. ఆమె జన్మస్థలము దక్షిణాఫ్రికాలోని డర్బన్. ఇంచుమించు ఆ కాలముననే ఖురైషా అబ్దుల్ కరీమ్ నటాల్ ప్రాంతమున పరిశోధనలు సాగించి, వ్యాధి యువకులలోకంటె పడుచు పిల్లలలో ఎంతో ముందుగా వ్యాపించుచున్నదని కనుగొనెను. ఆ బాలికలకు వ్యాధి సంక్రమించుచున్నది తమ యీడువారినుండి కాదు, వయసు మీరిన పురుషులనుండి. డర్బన్ తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. 1860 మొదలుగా మద్రాసు రేవునుండి నటాల్‌కు ఒప్పంద కూలీలుగా పోయినవారిలో తెలుగువారు అనేకులు. వారి సంతతివారు 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఈ చరిత్రకు ఆ నగరము పలుమారులు రంగస్థలమైనది.

సాధనము కావలెనని స్త్రీలే ఎలుగెత్తి అడిగిన దేశము జింబాబ్వే. స్త్రీల కండోమును తమ దేశమునకు తెప్పింపవలెనని కోరుచు అచ్చటి స్త్రీలు 30,000కు పైగా సంతకములతో విన్నపము సమర్పించిరి. 1997లో అది అంగళ్లకు వచ్చెను. ఆ మేలు చిన్నది కాదు. కాని దాని వెల హెచ్చు. పురుషునికి తెలియకుండ దానిని వాడుటయు కష్టము.

అంతట శాస్త్రజ్ఞుల దృష్టి లేపనములపై నిలిచెను. మొదటి ఫలితము విపరీతమయ్యెను. నానాక్సినాల్-9 అను పదార్థము గల లేపనమును ఆఫ్రికా దేశములలోను, థాయిలాండులోను పరీక్షింపగా, అది రక్షించుటకు బదులు లోపలి పొరను ఒరిపిడిపెట్టి అపాయమును పెంచినదని 2000 జూలైలో డర్బన్ మహాసభలో వెల్లడియయ్యెను. 2007లో మరియొక లేపనపు పరీక్షను నడుమనే ఆపివేయవలసి వచ్చెను. 2010లో మాత్రము ఆశ చిగురించెను. డర్బన్ నగరమునను, వులిండ్లెలా పల్లెసీమలోను 889 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో టెనోఫోవిర్ లేపనము వ్యాధిని నూటికి 39 పాళ్లు తగ్గించెను.

ఈ ఆశయు నిలువలేదు. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశములలో 5,029 మంది స్త్రీలపై జరిగిన పెద్ద పరీక్ష 2013లో విఫలమయ్యెను. మందులు వాడితిమని చెప్పిన స్త్రీలలో అధికసంఖ్యాకుల రక్తమున మందు జాడయే కానరాలేదు. దీనిని చూచి స్త్రీల అశ్రద్ధను నిందించినవారు లేకపోలేదు. పిమ్మట వారిని నెమ్మదిగా విచారింపగా అసలు కారణములు బయటపడెను. ఆ మాత్రలు రోగులు వాడునవే. డబ్బా ఇంట కనబడినచో ఆమెకు వ్యాధి గలదని అత్తవారును, ఇరుగుపొరుగువారును తలతురు. మరి 2011లో ఫలితములు వెలువడిన కెన్యా, ఉగాండా పరీక్షలో అట్టి మాత్రయే వ్యాధిని నూటికి 75 పాళ్లు తగ్గించెను. అది ఒకరికి వ్యాధి గల దంపతులపై జరిగిన పరీక్ష. మందు సంగతి ఇద్దరికిని తెలిసి జరిగినది. మందు గుణము మారలేదు. ఇంటి పరిస్థితి మారినది.

అందువలన దాచుకొనదగిన సాధనములకై అన్వేషణ సాగెను. డాపివిరిన్ మందు గల వలయము నెలకొకసారి స్త్రీ తానే లోపల ఉంచుకొనునది. 2016లో వెలువడిన రెండు పరీక్షలలో అది వ్యాధిని నూటికి 27, 31 పాళ్లు తగ్గించెను. 2021 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేసెను. రెండు నెలలకొకసారి ఇచ్చు కాబొటెగ్రవిర్ సూదిమందు, ఏడు ఆఫ్రికా దేశములలో 3,224 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో, దినదినము మ్రింగు మాత్రకంటె నూటికి 89 పాళ్లు మేలని 2020 నవంబరులో తేలెను. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాలలో ఆరు నెలలకొకసారి లెనకపవిర్ సూదిమందు పొందిన 2,134 మంది యువతులలో ఒక్కరికిని వ్యాధి సోకలేదు.

ఇంత మేలైన మందు వచ్చిన పిమ్మట వలయమెందుకు, మాత్రలెందుకు అని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు ఆఫ్రికా స్త్రీలే 2023 సెప్టెంబరులో కంపాలా నగరమున ప్రకటించిన పత్రములో సమాధానమిచ్చిరి. ఒక్క సాధనము అందరికిని చాలదు. ఎంచుకొను హక్కు తమకుండవలెననునది దాని సారాంశము. వైద్యశాల దూరమైనవారికి చేతిలోనుండు వలయము అక్కరకు వచ్చును. ఇంట డబ్బా దాచలేనివారికి సూదిమందు తగును. కొలదికాలము మాత్రమే అపాయము గలవారికి మాత్ర చాలును.

ఎంపిక అనునది మందు పుట్టినంతమాత్రమున సిద్ధింపదు. అది అందుబాటునకు రావలెను. లెనకపవిర్‌కు అమెరికాలో ప్రకటించిన వెల సాలునకు 28,218 డాలర్లు. 2024 అక్టోబరులో 120 దేశముల కొరకు దానిని తయారుచేయుటకు ఆరు కంపెనీలకు అనుమతి లభించెను. వానిలో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్, హెటిరో అను రెండును కలవు. 2027 నుండి సాలునకు ఇంచుమించు 40 డాలర్లకే ఈ మందు అందజేయుటకు ఈ రెండు కంపెనీలతో కుదిరిన ఏర్పాట్లు 2025 సెప్టెంబరులో ప్రకటింపబడెను. అయితే ఆ యేటి ఆరంభముననే అమెరికా ప్రభుత్వము విదేశ సహాయమును నిలిపివేసి, పిమ్మట తన ధనముతో ఇచ్చు నివారణ మందులను గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును మాత్రమే పరిమితము చేసెను. తక్కిన యువతులకు ఆ తలుపు మూతపడెను. 2025 నవంబరులో లెనకపవిర్ తొలి విడత జాంబియా, ఎస్వాతినీ దేశములకు చేరినను, అది అవసరమున్నవారిలో కొందరికే చాలును.

1990లో లేవదీయబడిన ప్రశ్నకు శాస్త్రము చాలవరకు సమాధానము చెప్పినది. మిగిలిన భాగమునకు సమాధానము చెప్పవలసినవారు ప్రభుత్వములు, ధనసహాయము చేయు దేశములు, మందు తయారుచేయు కర్మాగారములు. నటాల్‌లో మన తోడివారి ఇరుగుపొరుగు స్త్రీలు వాడవలసిన మందు మన హైదరాబాదు కర్మాగారములలోనే తయారుకానున్నది. ఆ మందు వెల తగ్గుటలోను, అది వేళకు చేరుటలోను ఈ ప్రాంతపు శ్రమకు భాగము కలదను విషయమును తెలుగువారు గుర్తింపవలసియున్నది.